సోలారా, కొత్త చాంబరా? కోటి దాటే పెట్టుబడికి లెక్క ఎలా వేయాలి

మార్చి నెలలో గుంటూరు చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీకి వెళ్లినా గేటు దగ్గరే మిర్చి ఘాటు ముక్కుకి తగులుతుంది. టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు రోడ్డు మీద వరసగా నిలబడి ఉంటాయి. లోపల అమ్మోనియా కంప్రెసర్లు రాత్రీ పగలూ ఆగవు. ఆ రోజుల్లో యజమానికి రెండు ఆలోచనలు వస్తాయి. కరెంటు బిల్లు చూస్తే, షెడ్డు కప్పు మీద సోలార్ పెట్టించాలనిపిస్తుంది. చోటు లేక వెనక్కి పోతున్న లారీలు చూస్తే, ఇంకో చాంబర్, అంటే సరుకు దాచే ఇంకో చల్లటి గది, కట్టాలనిపిస్తుంది. రెండిటికీ సరిపడా సొంత డబ్బు ఉండదు. మరి ఏది ముందు?

పెద్ద కంపెనీల బోర్డు మీటింగుల్లో తేల్చేదీ ఇలాంటి ప్రశ్నే. వాళ్ల లెక్కలో సున్నాలు ఎక్కువ, సంతకాలు ఎక్కువ. పద్ధతి మాత్రం ఇదే. ప్రాజెక్టు రిపోర్టులు రాసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా చెబుతున్నాను, ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఎంబీఏ అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీట్, పన్నెండు నెలల బిల్లులు, ఒక సాయంత్రం ఉంటే చాలు. కింద ఒక కోల్డ్ స్టోరేజీ లెక్కను మొదటి నుంచి చివరిదాకా వేసి చూపిస్తాను. యజమానిది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకుందాం. ధరలు, అద్దెలు, యూనిట్లు నేను లెక్క కోసం వేసుకున్నవి, వాటి చోట మీ కొటేషన్లు, మీ బిల్లులు పెట్టుకోండి. పన్ను రేట్లు మాత్రం చట్టంలో ఉన్నవే.

మొదటి పని: ప్రశ్నను కాగితం మీద సరిగ్గా రాయడం

"సోలార్ పెట్టాలా వద్దా" అని రాయకండి. "పెడితే, పెట్టకపోతే, ఏడాదికి మన చేతికొచ్చే డబ్బులో తేడా ఎంత?" అని రాయండి. మొత్తం లెక్క ఆ తేడా మీదే నడవాలి. పెట్టినా పెట్టకపోయినా ఉండే ఖర్చు, అంటే మేనేజరు జీతం, వాచ్‌మన్ జీతం లాంటివి, ఇందులోకి రావు.

ఆ కాగితం మీదే మిగతా దారులు కూడా రాయండి. ఏమీ చేయకుండా ఉండటం ఒక దారి. తలుపుల దగ్గర చల్లదనం బయటికి పోకుండా చూసుకోవడం, పాడైన ఇన్సులేషన్ మార్చడం ఇంకో దారి. ఇలాంటి చిన్న పనులకు కోట్లు అక్కర్లేదు కాబట్టి వాటి గురించి ఎవరూ మీటింగు పెట్టరు. కానీ పెట్టిన రూపాయికి ఎక్కువ తిరిగొచ్చేది చాలాసార్లు వాటిలోనే. ముందు అవి చేసేయండి, ఆ తర్వాతే పెద్ద పెట్టుబడి గురించి కూర్చోండి. బిల్లు తగ్గాక సోలార్ సైజు కూడా తగ్గుతుంది.

రెండో పని: చేతికొచ్చే డబ్బు లెక్క

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. ఫార్ములాలు కంప్యూటర్ చూసుకుంటుంది. అందులో వేసే అంకెలు మాత్రం మీరే తేవాలి.

సోలార్ కంపెనీ వాళ్లు ఒక పేజీ షీట్ ఇస్తారు. 300 కిలోవాట్లు, ఖర్చు 1.35 కోట్లు. కిలోవాట్‌కి ఏడాదికి 1,400 యూనిట్ల చొప్పున 4.2 లక్షల యూనిట్లు. యూనిట్‌కి 7 రూపాయలు వేసి, ఏడాదికి 29.4 లక్షలు ఆదా అంటారు. నాలుగున్నర ఏళ్లలో అసలు వచ్చేస్తుంది, ఆ తర్వాత అంతా లాభమే అంటారు.

ఇప్పుడు మీ పన్నెండు నెలల బిల్లులు టేబుల్ మీద వరసగా పరవండి. మార్చి నుంచి మే దాకా యూనిట్లు ఆకాశంలో ఉంటాయి, ఎండలో వచ్చిన సరుకుని చల్లబరచడానికి కంప్రెసర్లన్నీ నడవాలి కాబట్టి. దసరా దాటి సరుకు బయటికి పోతున్న కొద్దీ బిల్లు దిగుతుంది. జనవరి బిల్లు చూడండి, చాంబర్లు దాదాపు ఖాళీ. కప్పు మీద సోలార్ పలకలకు ఆ సంగతి తెలియదు కదా, జనవరి ఎండకీ అవి కరెంటు తయారు చేస్తూనే ఉంటాయి. ఆ మిగులు గ్రిడ్‌లోకి పోతుంది. దానికి 7 రూపాయలు వస్తాయా, 3 రూపాయలు వస్తాయా అన్నది డిస్కంతో, అంటే కరెంటు పంపిణీ సంస్థతో, మీ ఒప్పందంలో ఉంటుంది. షీట్ ఇచ్చిన అబ్బాయికి మీ జనవరి బిల్లు ఎవరూ చూపించలేదు, అందుకే అన్ని యూనిట్లకీ 7 వేశాడు.

నెలనెలా లెక్క వేస్తే 3.4 లక్షల యూనిట్లు మనం వాడుకుంటాం, 80 వేలు బయటికి పోతాయి అని తేలిందనుకుందాం. వాడుకున్నవాటికి 7 చొప్పున 23.8 లక్షలు, బయటికి పోయినవాటికి 3 చొప్పున 2.4 లక్షలు, కలిపి 26.2 లక్షలు. పలకలు కడగడానికి, ఇన్సూరెన్స్‌కి, చిన్న రిపేర్లకి 2.2 లక్షలు తీసేస్తే 24 లక్షలు. షీట్‌లో 29.4 ఉన్నది బిల్లుల ముందు కూర్చోగానే 24 అయింది.

చాంబర్ లెక్క చూద్దాం. 25 వేల టిక్కీల చాంబర్, ఖర్చు 2.5 కోట్లు. అందులో కట్టడం 1.6 కోట్లు, మెషినరీ 90 లక్షలు. టిక్కీకి అద్దె 250 రూపాయలు, నిండితే 62.5 లక్షలు. టిక్కీకి కరెంటు, హమాలీ వగైరా 40 రూపాయల చొప్పున 10 లక్షలు, నిండినా నిండకపోయినా తప్పని ఖర్చు 4.5 లక్షలు. మిగిలేది 48 లక్షలు. "నిండితే" అన్న మాటను గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికే తిరిగి వస్తాం.

ఈ దశలో అందరూ చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. మట్టి పరీక్షకు, డ్రాయింగులకు ఇప్పటికే 3 లక్షలు పెట్టారనుకోండి. "అంత పెట్టాం కదా, ఇప్పుడు ఆపితే దండగ" అంటారు. ఆ 3 లక్షలు కట్టినా రావు, కట్టకపోయినా రావు, కాబట్టి లెక్కలో వేయకండి. స్థలం సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. "స్థలం మనదే, దానికి ఖర్చేముంది" అంటారు. ఆ ఖాళీ స్థలాన్ని లారీల పార్కింగుకో గోడౌనుకో అద్దెకిస్తే ఏం వస్తుందో, చాంబర్ కడితే అది పోతుంది. ఆ పోయేది ఖర్చే. మన లెక్కలో ఆ స్థలానికి వేరే గిరాకీ లేదనుకున్నాను, మీకు ఉంటే తప్పక వేయండి.

బ్యాంకు వడ్డీని ఇక్కడ ఖర్చుగా తీసేయకండి. వడ్డీ నాలుగో పనిలో వస్తుంది, రెండు చోట్లా తీస్తే మంచి ప్రాజెక్టు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. తరుగుదల (డిప్రిసియేషన్), అంటే వస్తువు పాతబడే కొద్దీ తగ్గే విలువను ఏటా ఖర్చుగా రాసుకోవడం, అది కూడా చేతి నుంచి పోయే డబ్బు కాదు. కానీ అది పన్ను తగ్గిస్తుంది.

మూడో పని: పన్ను పోనిచ్చి చూడటం

రాయితీలు వదులుకుని తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీకి పన్ను 22 శాతం. దాని మీద 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్ కలిపితే 25.168 శాతం. కరెంటు బిల్లు 24 లక్షలు తగ్గితే లాభం అంత పెరుగుతుంది, దాని మీద పన్ను కట్టాలి. చివరికి మిగిలేది దాదాపు 18 లక్షలు. చాంబర్ 48 లక్షలు 35.9 అవుతాయి.

దీనికి ఎదురుగా తరుగుదల వల్ల ఆదా ఉంటుంది. సోలార్ పరికరాలకు ఆదాయపు పన్ను లెక్కలో తరుగుదల 40 శాతం, మామూలు మెషినరీకి 15, కట్టడానికి 10. ఏటా మిగిలిన విలువ మీద వేసుకుంటూ పోవాలి. 1.35 కోట్ల సోలార్‌కి మొదటి ఏడాది 54 లక్షల తరుగుదల, అంటే 13.6 లక్షల పన్ను ఆదా. కానీ ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడాదికి సగమే ఇస్తారు. సీజన్‌కి అందాలని ఫిబ్రవరిలో పెట్టిస్తే సగం తరుగుదల తర్వాతి ఏళ్లకి జారిపోతుంది. సెప్టెంబరు నెలాఖరుకి మీటర్ తిరిగేలా చూసుకుంటే పూర్తిగా వస్తుంది. తేదీ మార్చుకుంటే చాలు, రూపాయి ఖర్చు లేకుండా డబ్బు ముందుకొస్తుంది. ఆడిటర్ గారిని ఆర్డరు ఇచ్చే ముందే అడగండి, ఇచ్చాక కాదు.

నాలుగో పని: మీ డబ్బుకి వడ్డీ ఎంతో తేల్చుకోవడం

పెట్టుబడిలో 60 శాతం బ్యాంకు ఇస్తుందనుకుందాం, 10 శాతం వడ్డీకి. వడ్డీ మీద పన్ను తగ్గుతుంది కాబట్టి అసలు భారం 7.48 శాతం. మిగతా 40 శాతం మీ సొంతం. దాని మీద 18 శాతం రాకపోతే ఈ తలనొప్పి ఎందుకు, ఇంకెక్కడైనా పెట్టుకుంటాను అని మీరు అనుకుంటే, అదే దాని ధర. 7.48లో 60 శాతం, 18లో 40 శాతం కలిపితే 11.7. రౌండుగా 12 వేసుకుందాం.

12 శాతం మనకు కొత్త కాదు. ఊళ్లో నూటికి నెలకి రూపాయి వడ్డీ అంటామే, అదే. సొంత డబ్బుకి వడ్డీ లేదు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పు లేకుండా కట్టాం కాబట్టి లాభమే అనుకుంటారు. అప్పు లేదన్నది నిజమే. ఆ డబ్బు పదిహేనేళ్లు అక్కడ ఇరుక్కుపోయిందన్నదీ నిజమే.

ఐదో పని: రేపటి రూపాయిని ఈరోజు విలువకి తేవడం

చక్రవడ్డీ మనందరికీ తెలుసు. ఈరోజు 100 రూపాయలు 12 శాతంతో వచ్చే ఏడాదికి 112. దాన్నే వెనక్కి తిప్పండి. వచ్చే ఏడాది వచ్చే 112 విలువ ఈరోజు 100. పదేళ్ల తర్వాత వచ్చే 100 విలువ ఈరోజు 32 రూపాయలు. ముప్పై ఐదేళ్ల తర్వాత వచ్చే 100 విలువ 2 రూపాయల కన్నా తక్కువ.

ఈ చివరి అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి, హైదరాబాద్ మెట్రో గుర్తుకొస్తుంది. 2008లో ఆ ప్రాజెక్టుకి సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మైటాస్ నాయకత్వంలోని కంపెనీల గుంపు, ప్రభుత్వం నుంచి తీసుకోవడం కాదు, తామే 35 ఏళ్లలో 30,311 కోట్లు ప్రభుత్వానికి ఇస్తామని టెండర్ వేసింది. పేపర్లలో ఆ అంకె చూసి జనం నోళ్లు తెరిచారు. సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో మళ్లీ టెండర్ పిలిస్తే ఎల్ అండ్ టీ గెలిచింది, అది మాత్రం ప్రభుత్వమే సాయం ఇచ్చే పద్ధతిలో. మొదటి టెండర్ ఎందుకు అలా వేశారన్న చర్చ వేరు. మన పనికొచ్చే పాఠం ఏమిటంటే, ఎన్నో ఏళ్ల మీద పరిచిన పెద్ద అంకె చూసినప్పుడు ముందు అడగాల్సింది "ఏ ఏడాది ఎంత?" అని.

మన లెక్కకి వద్దాం. 12 శాతం చొప్పున 15 ఏళ్లపాటు ఏటా వచ్చే 1 రూపాయి విలువ ఈరోజు 6.81 రూపాయలు. సోలార్‌కి ఏటా వచ్చే 18 లక్షలకు ఈరోజు విలువ 122.3 లక్షలు. తరుగుదల వల్ల వచ్చే పన్ను ఆదా ఈరోజు విలువలో 26.1 లక్షలు. మొత్తం 148.4, ఖర్చు 135. మిగులు 13.4 లక్షలు. పలకల శక్తి ఏటా కొంచెం తగ్గుతుంది, 0.7 శాతం వేస్తే 4.7 లక్షలు పోతాయి. పదకొండో ఏట ఇన్వర్టర్లు మార్చడానికి పన్ను పోను 10 లక్షలంటే ఈరోజు విలువలో 2.9 లక్షలు. చివరికి మిగులు సుమారు 6 లక్షలు. దీన్నే ఎన్‌పీవీ అంటారు. ఇది సున్నా పైన ఉంటే పెట్టుబడి దాని వడ్డీ తను సంపాదించుకుని ఇంకొంచెం మిగిల్చినట్టు.

చాంబర్‌ది 35.9 లక్షలకి 244.6, తరుగుదల ఆదా 30.9, కలిపి 275.5. ఖర్చు 250 తీస్తే మిగులు 25.5 లక్షలు. పదిహేనేళ్ల తర్వాత మిగిలే విలువను రెండిట్లోనూ వదిలేశాను.

25 లక్షలు, 6 లక్షలు. ఇక్కడితో ఆపితే చాంబరే. ఇక్కడితో ఆపకండి.

ఆరో పని: లెక్కను కుదిపి చూడటం

షీట్‌లో ప్రతి అంకెనీ ఒక్కొక్కటిగా కదపండి. ఎంత కదిపితే మిగులు సున్నా అవుతుందో చూడండి.

చాంబర్ 75 శాతమే నిండితే 25.5 లక్షల మిగులు పోయి 41 లక్షల నష్టంలోకి దిగుతుంది. సున్నా దగ్గర నిలబడాలంటే పదిహేనేళ్లూ సగటున 90 శాతం నిండాలి. 2021-22లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చేసిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. అలాంటి ఏడాది ఒక్కటి చాలు, సగటు కిందికి లాగడానికి.

ఇప్పుడు సోలార్ సైజు కదపండి. ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. 300 బదులు 200 కిలోవాట్లు పెడితే ఖర్చు 90 లక్షలు. వచ్చే 2.8 లక్షల యూనిట్లలో 2.6 లక్షలు మనమే వాడేసుకుంటాం, బయటికి పోయేది 20 వేలే. ఖర్చులు 1.6 లక్షలు, ఇన్వర్టర్లకు 7 లక్షలు వేసి మొత్తం లెక్క మళ్లీ వేస్తే మిగులు 9.7 లక్షలు! తక్కువ పెట్టుబడికి ఎక్కువ మిగులు. చివరి 100 కిలోవాట్లు పెట్టించి మన చేత్తో మూడున్నర లక్షలకు పైగా పోగొట్టుకునేవాళ్లం. కప్పు మీద చోటుంది కదా అని నింపేయడం మనందరికీ ఉన్న అలవాటు. సైజును చోటు చూసి కాకుండా జనవరి బిల్లు చూసి తేల్చాలి.

200 కిలోవాట్లకి కరెంటు రేటు కదిపితే, యూనిట్ 7 నుంచి 6.25 దగ్గరికి పడితే మిగులు సున్నా. అంటే పదిశాతం పైన చిల్లర తగ్గాలి. చాంబర్‌కీ దాదాపు పదిశాతమే ఊపిరి ఉంది. కాగితం మీద రెండూ ఒకటే. కానీ కరెంటు రేటు పదిహేనేళ్లూ పదిశాతం తగ్గి ఉండటం మీరెప్పుడైనా చూశారా? చాంబర్ ఒక సీజన్‌లో పదిశాతం ఖాళీగా ఉండటం ఎన్నిసార్లు చూశారు? ఈ ప్రశ్నకి ఎక్సెల్ జవాబు చెప్పదు, మీ అనుభవమే చెప్పాలి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒక కంపెనీకి రిపోర్టు రాస్తూ కొత్త ఉత్పత్తి లైను 85 శాతం నడుస్తుందని వేశాను. మార్కెట్ వాళ్లెవరినీ అడగలేదు. 80 వేస్తే లెక్క సున్నా కిందికి పోతోంది, పై వాళ్లకి ప్రాజెక్టు కావాలి, అంతే. మూడేళ్లు గడిచినా అది 60 దాటలేదు. అప్పటి నుంచి, జవాబు ముందే పెట్టుకుని అంకెలు వెతుక్కునే పని మానేశాను. పెద్ద కంపెనీల్లో ప్రాజెక్టు అడిగేవాళ్లు ఒకరు, అంకెలు సరిచూసేవాళ్లు ఇంకొకరు ఉండేది ఇందుకే. మీది చిన్న కంపెనీ అయితే ఈ షీట్‌ని ఆ ప్రాజెక్టు మీద ఏ ఆశా లేని మనిషి చేతిలో పెట్టి, తప్పులు పట్టమని అడగండి.

పేబ్యాక్, ఐఆర్‌ఆర్ సంగతి

అసలు ఎన్నేళ్లకి తిరిగొస్తుందన్నది పేబ్యాక్. 300 కిలోవాట్లకి అది ఐదేళ్ల తొమ్మిది నెలలు. టెన్షన్ తగ్గించే అంకె కాబట్టి అందరూ అడుగుతారు, బ్యాంకు వాళ్లు కూడా. కానీ అసలు వచ్చాక ఏం జరుగుతుందో అది చెప్పదు, కాలంతో పాటు రూపాయి విలువ తగ్గడాన్నీ పట్టించుకోదు. ఐఆర్‌ఆర్ అంటే మిగులు సున్నా అయ్యే వడ్డీ రేటు. 300 కిలోవాట్లకి 13 శాతం దరిదాపుల్లో, నిండిన చాంబర్‌కి 14 దగ్గర వస్తుంది. మన 12తో పోల్చడానికి సులువే. అయితే సైజులు వేరైన రెండు ప్రాజెక్టుల్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే శాతాన్ని నమ్మకండి, రూపాయల్లో మిగులు చూడండి.

ఏడో పని: ఉన్న డబ్బులో ఎంచుకోవడం

సొంత డబ్బు 1.1 కోట్లు ఉందనుకుందాం. చాంబర్‌కి మన వాటా కోటి, 200 కిలోవాట్ల సోలార్‌కి 36 లక్షలు. రెండూ కలిపితే 1.36 కోట్లు, అందదు. నేనైతే 200 కిలోవాట్లు ముందు పెట్టిస్తాను. కప్పు బరువు ఆగుతుందో లేదో ఇంజనీరు చేత రాతలో తీసుకుంటాను. తర్వాత పెంచుకోవాలంటే కేబుల్ దారి, ప్యానెల్ బోర్డులో చోటు ఉండేలా చూసుకుంటాను. మిగిలిన 74 లక్షలు అలాగే ఉంచి, గేటు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టిస్తాను. వెనక్కి పోయిన ప్రతి లారీ తేదీ, టిక్కీల సంఖ్య, అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి. రెండు సీజన్లు రాశాక 25 వేల టిక్కీలు నిజంగా బయట ఉన్నాయో లేవో తెలుస్తుంది. పాత వ్యాపారులు కొందరు ఏడాది ముందే అద్దె అడ్వాన్సు ఇస్తామంటే ఇంకా మంచిది, అప్పుడు చాంబర్ లెక్క పూర్తిగా మారిపోతుంది. ఎదురు చూడటం వల్ల రెండు సీజన్ల అద్దె పోవచ్చు. ఆ పోయేది 41 లక్షల నష్టం కన్నా తక్కువా ఎక్కువా అన్నది కూడా షీట్‌లో వేసి చూడాల్సిందే.

ఎనిమిదో పని: పెట్టాక మళ్లీ చూడటం

నిర్ణయం తీసుకున్న రోజే షీట్‌ని ప్రింట్ తీసి, ఏ అంకె ఎవరు చెప్పారో పక్కన పెన్నుతో రాసి, సంతకాలు చేసి ఫైల్లో పెట్టండి. కిలోవాట్‌కి 1,400 యూనిట్లు సోలార్ కంపెనీ అబ్బాయి చెప్పింది, 3 రూపాయలు డిస్కం ఒప్పందంలోది, చాంబర్ ఎంత నిండుతుందన్నది మేనేజరు గారి అంచనా, ఇలా. తర్వాతి ఏడాది ఏప్రిల్లో ఆడిట్ మొదలయ్యే ముందు మీటర్ రీడింగులు తెచ్చి, అదే కాగితం మీద పక్క గడిలో నిజంగా వచ్చిన అంకెలు రాయండి. యూనిట్లు తగ్గితే పలకల మీద మిర్చి దుమ్ము పేరుకుందేమో పైకి ఎక్కి చూడండి.